ఏడు నిమిషాల ఐదు సెకన్లకే ఆరిపోయిన వెలుగు: మడ్‌లెట్‌తో నా మంత్రాల లెక్క

మొన్న సంక్రాంతి సెలవుల్లో నా క్లెరిక్ చచ్చిపోయింది. పండగ పూట చావు మాటలేంటని మా అత్తయ్య విసుక్కుంటారు గానీ, చచ్చింది మనిషి కాదు. ఎనిమిది నెలలు కూర్చుని 42వ లెవెల్ దాకా పెంచుకున్న అక్షరాల బొమ్మ, ఒక ఆన్‌లైన్ ఆటలో మంత్రాలు వేసే నా పూజారి పాత్ర. శాంక్చురీ మంత్రం వేసుకుంటే ఒంటి చుట్టూ తెల్లని వెలుగు వస్తుంది. ఆ వెలుగు ఉన్నంతసేపూ తగిలే దెబ్బ సగమే. అది ఎప్పుడు ఆరిపోతుందో చెప్పే టైమర్ నేనే రాసుకున్నాను. ఇంకా 45 సెకన్లు ఉందని ఆ టైమర్ చూపిస్తుండగానే వెలుగు ఆరిపోయింది. వేసిన 7 నిమిషాల 5 సెకన్లకి. ఆ తర్వాత రెండు రౌండ్లలో డ్రాగన్ తన పని ముగించింది.

తప్పు డ్రాగన్‌ది కాదు, నేను వాడే సాఫ్ట్‌వేర్‌దీ కాదు. నా లెక్కది. ఆ లెక్క సరిచేసుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో మడ్‌లెట్‌ని, అంటే ఇలాంటి ఆటలు ఆడటానికి నేను వాడే ప్రోగ్రామ్‌ని, లోపలా బయటా తిరగేశాను కాబట్టి ఈ రివ్యూ. మ్యాపులు, డిస్కార్డ్ లాంటివి దాంట్లో చాలా ఉన్నాయి, వాటి జోలికి నేను పోలేదు. ఆట నుంచి వచ్చే వాక్యాన్ని గుర్తుపట్టి, మంత్రం ఇంకెంతసేపు ఉంటుందో చెప్పడం అనే ఒక్క పనికి ఇది ఎంతవరకు పనికొస్తుందో, అంతే చెబుతాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మడ్ అంటే బొమ్మలు లేని ఆన్‌లైన్ ఆట. అంతా చదవడమే, టైప్ చేయడమే. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో మొదటిది రాశారు. 1991లో కోపెన్‌హేగన్ యూనివర్సిటీ విద్యార్థులు డికూ అనే కోడ్ బయటికి వదిలారు. దాని పిల్ల మెర్క్, మెర్క్ పిల్ల రోమ్. ఇటలీ రోమ్ కాదు, రివర్స్ ఆఫ్ మడ్. నేను ఆడేది రోమ్ వంశంలోని ఒక చిన్న ఆట. సర్వర్ అమెరికాలో ఎక్కడో ఉంది. రాత్రి పదింటికి లోపల పన్నెండు మంది ఉంటే ఆ రోజు తిరునాళ్లే.

నేను మొదట ఆడింది 1997లో, ఎంసీఏ చదివేటప్పుడు. మా సీనియర్ వాళ్లింట్లో వీఎస్ఎన్ఎల్ స్టూడెంట్ కనెక్షన్ ఉండేది. దాంట్లో బొమ్మలు రావు, అక్షరాలే వస్తాయి. వెబ్‌సైట్లు చూడాలనుకునేవాళ్లకి అది పెద్ద బాధ. మాకు మాత్రం దూరంగా ఉన్న కంప్యూటర్‌తో అక్షరాల్లో మాట్లాడించే టెల్‌నెట్ ఉంటే చాలు, రాజ్యం మాదే. ఆ రోజుల్లో టైమర్ అంటే గోడ గడియారం. తర్వాత పెళ్లి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం, పిల్లలు. మళ్లీ 2020 లాక్‌డౌన్‌లో వెతికితే, పాత ఆటలు కొన్ని ఇంకా నడుస్తున్నాయి! చిన్నప్పటి వీధిలో కిరాణా కొట్టు అలాగే తెరిచి ఉన్నట్టనిపించింది.

మడ్‌లెట్ ఉచితం. సోర్స్ కోడ్ కూడా జీపీఎల్ అనే లైసెన్స్ కింద అందరికీ తెరిచే ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. స్క్రిప్టులు రాసేది లువా భాషలో. నేను దీన్ని ఎనిమిదేళ్ల కిందటి లాప్‌టాప్ మీద వాడుతున్నాను. ఇన్‌స్టాల్ గురించి చెప్పడానికేమీ లేదు. డౌన్‌లోడ్ చేశాను, తెరిచాను, ఆట అడ్రస్, పోర్ట్ నంబర్ కొట్టాను. అయిపోయింది.

అసలు కథ ట్రిగ్గర్ల ఎడిటర్‌లో మొదలవుతుంది. ట్రిగ్గర్ అంటే, ఫలానా వాక్యం తెర మీదికి రాగానే ఫలానా పని చేయమని చెప్పిపెట్టడం. మొదటిసారి ఆ కిటికీ తెరిస్తే కంగారు పుడుతుంది. ఎడమవైపు చెట్టు, కుడివైపు ప్యాటర్న్‌ల (అంటే పట్టుకోవాల్సిన మాటల) గళ్లు, కింద కోడ్ రాసే చోటు. ఒక్కో ప్యాటర్న్ పక్కనా అది ఏ రకమో ఎంచుకునే మెనూ ఉంటుంది. అందులో సబ్‌స్ట్రింగ్, పెర్ల్ రీజెక్స్ (వాక్యం ఎలా ఉండాలో గుర్తులతో చెప్పే పద్ధతి), లైను మొదలు, ఎగ్జాక్ట్ మ్యాచ్, ఇంకా రంగుని బట్టి పట్టుకునేదొకటి, ప్రాంప్ట్‌ని పట్టుకునేదొకటి... ఇలా చాలా. నువ్వు ఏదీ ఎంచుకోకపోతే సబ్‌స్ట్రింగ్ ఉంటుంది. అంటే ఆ మాటలు లైనులో ఎక్కడున్నా సరే, ట్రిగ్గర్ పేలుతుంది.

కొత్తవాళ్లు పడే గొయ్యి సరిగ్గా అదే. నేనూ పడ్డాను. మంత్రం తగలగానే ఆట "యు ఆర్ సరౌండెడ్ బై ఎ వైట్ ఆరా" అంటుంది. నేను "సరౌండెడ్ బై ఎ వైట్ ఆరా" అని మాత్రమే రాసి ఊరుకున్నాను. గుంపులో పక్కవాడు తన మీద శాంక్చురీ వేసుకుంటే, వాడి పేరు ముందు పెట్టి ఆట అదే మాట చెబుతుంది. వెలుగు వాడిది, టైమర్ మొదలయ్యేది నాకు. రెండు రోజులు నా లెక్కలన్నీ తలకిందులుగా ఉంటే, ఆటలోనే ఏదో మార్చారనుకున్నాను.

ఇంకోటి ఇంతకంటే చిత్రం. వెలుగు ఆరినప్పుడు "ది వైట్ ఆరా అరౌండ్ యువర్ బాడీ ఫేడ్స్" అని వస్తుంది. నా ట్రిగ్గర్ల సంగతి తెలిసిన ఆటగాడొకడు, అందరూ కబుర్లు చెప్పుకునే గాసిప్ ఛానెల్‌లో అచ్చం ఆ వాక్యమే టైప్ చేశాడు. నా దగ్గర అలారం మోగింది, నేను హడావిడిగా మంత్రం కొట్టాను. "నువ్వు ఇప్పటికే శాంక్చురీలో ఉన్నావు" అని ఆట నన్ను వెక్కిరించింది. ఛానెల్‌లో అందరూ ఒకటే నవ్వు.

దీనికి మందు తేలికే. రీజెక్స్‌లో ^ గుర్తు లైను మొదలుకి, $ గుర్తు లైను చివరికి. ముందో మేకు, వెనకో మేకు. మధ్యలో ఉన్న వాక్యం అటూ ఇటూ కదలదు. గాసిప్‌లో వచ్చే లైనుకి ముందు ఆ మనిషి పేరుంటుంది కాబట్టి అది మేకు దగ్గరే ఆగిపోతుంది. కానీ నిజం చెప్పాలంటే, ఇలాంటి మారని వాక్యాలకి రీజెక్స్ అక్కర్లేదు. మెనూలో ఎగ్జాక్ట్ మ్యాచ్ పెడితే సరిపోతుంది. చుక్కలకి ముందు వెనక్కి వాలిన గీత పెట్టానా లేదా అనే టెన్షన్ కూడా ఉండదు. రీజెక్స్ కొత్తగా వచ్చినవాళ్లకి పప్పులోకి కూడా రీజెక్సే వేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఇప్పుడు నా ముప్పై చిల్లర ట్రిగ్గర్లలో రీజెక్స్‌వి తొమ్మిదే.

ఇక చావు సంగతి.

మడ్‌లెట్‌లో టెంప్‌టైమర్ అనే ఫంక్షన్ ఉంది. ఇన్ని సెకన్ల తర్వాత ఈ పని చెయ్యి అని చెబితే చేస్తుంది. ఖచ్చితంగా చేస్తుంది, దాంట్లో వంక లేదు. నేను ఒకసారి శాంక్చురీ వేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. 7 నిమిషాల 50 సెకన్లకి వెలుగు ఆరింది. 470 సెకన్లు అని టైమర్‌లో రాసేసుకున్నాను. ఒక్కసారి కొలిచి రాసేసుకున్నాను! ఆఫీసులో ఒక్క నెల ప్రీమియం చూసి పాలసీ లెక్కలన్నీ తేల్చేసే ఏజెంట్లని చూసి నవ్వేదాన్ని. నేను చేసింది అంతకంటే తక్కువేమీ కాదు.

ఆట సెకన్లు లెక్కపెట్టదు, టిక్కులు లెక్కపెడుతుంది. రోమ్ మూల కోడ్‌లో ఒక టిక్కు 60 సెకన్లు. శాంక్చురీ ఆయుష్షు, నీ లెవెల్‌ని ఆరుతో భాగిస్తే వచ్చినంత. 42కి ఏడు. ప్రతి టిక్కుకీ ఒకటి తగ్గుతుంది. సున్నాకి వచ్చినా మంత్రం వెంటనే పోదు, దాని తర్వాత వచ్చే టిక్కుకి పోతుంది. అంటే మొత్తం ఎనిమిది టిక్కులు రావాలి. ఇప్పుడు, టిక్కు రాబోయే ముందు క్షణంలో మంత్రం వేశావనుకో. మొదటి టిక్కు వెంటనే ఖర్చైపోయింది. ఏడు నిమిషాల పైన కొద్ది సెకన్లకే వెలుగు పోతుంది. టిక్కు అయిపోయిన వెంటనే వేస్తే దాదాపు ఎనిమిది నిమిషాలు ఉంటుంది. స్టాప్‌వాచ్ పెట్టిన రోజు నా అదృష్టం బాగుంది. డ్రాగన్ రోజు బాగోలేదు.

వంటింట్లో ఇది తెలియనివాళ్లు ఎవరూ లేరు. "కందిపప్పుకి ఎన్ని నిమిషాలు?" అని ఎవరూ అడగరు, "ఎన్ని విజిల్స్?" అని అడుగుతారు. స్టవ్ సిమ్‌లో ఉందా, పెద్ద మంట మీదుందా, కుక్కర్‌లో నీళ్లెన్ని, అవన్నీ విజిల్‌లోనే కలిసిపోయి ఉంటాయి. పాతికేళ్ల నుంచి విజిల్స్ లెక్కపెడుతున్న మనిషిని, మంత్రానికి మాత్రం గడియారం చూశాను.

అదీగాక ఈ 60 అన్ని చోట్లా 60 కాదు. డికూలో ఆటలోని గంట, అంటే టిక్కు, 75 సెకన్లు. మెర్క్‌లో టిక్కు సగటున 30 సెకన్లు, కానీ ప్రతిసారీ 15కీ 45కీ మధ్య ఎంతైనా రావచ్చు. అలాంటి ఆటలో సెకన్ల టైమర్ పెట్టుకోవడం అంటే జాతకం చూసుకున్నట్టే. రోమ్‌లో ఆ అటూ ఇటూ ఊగే లైనుని కామెంటులో పడేసి, స్థిరంగా ఉంచారు. నా ఆట వాళ్లు కూడా దాన్ని ముట్టుకోలేదు. రెండు గంటలు కూర్చుని చూసి మరీ ఈ మాట చెబుతున్నాను.

కాబట్టి మడ్‌లెట్ చేత రెండు పనులు చేయించాలి. ఒకటి, ఏ మంత్రానికి ఎన్ని టిక్కులు మిగిలాయో ఆటనే అడిగి తెలుసుకోవడం. రెండు, టిక్కు ఎప్పుడొచ్చిందో కనిపెట్టడం.

మొదటి దానికి ఆటలోనే దారి ఉంది. "అఫెక్ట్స్" అని కొడితే మన మీద ఉన్న మంత్రాల జాబితా వస్తుంది. ఫలానా మంత్రం, ఫలానా దాన్ని ఇంత మారుస్తుంది, ఇన్ని గంటలు అని. ఆ గంటలే టిక్కులు. ఒక సంగతి, 20వ లెవెల్ లోపు ఉంటే మంత్రం పేరు మాత్రమే చూపిస్తుంది, గంటలు చూపించదు. కొత్త ఆటగాళ్లు నా ప్యాటర్న్ పనిచేయడం లేదని అడుగుతుంటారు, కారణం ఇది.

ఆ జాబితాని చదవడంలో మడ్‌లెట్ గొప్పతనం కనిపించింది. జాబితా మొదటి లైనుకి ఒక తల్లి ట్రిగ్గర్ పెట్టాలి. అది పేలాక ఇన్ని లైన్లపాటు తలుపు తెరిచి ఉంచమని చెప్పవచ్చు. దాని కింద పిల్ల ట్రిగ్గర్లు పెడితే, తలుపు తెరిచి ఉన్నంతసేపే అవి పనిచేస్తాయి. మిగతా సమయంలో నిద్ర. గాసిప్‌లో ఎవడేం వాగినా ఆ పిల్లలు లేవవు. నేను 40 లైన్లు పెట్టుకున్నాను.

పిల్ల ట్రిగ్గర్ రీజెక్స్‌దే. మంత్రం పేరు ఉన్నచోట (.+), అంటే ఏ అక్షరాలైనా సరే అని, గంటలు ఉన్నచోట ([0-9]+), అంటే అంకెలే అని పెట్టాను. బ్రాకెట్లలో చిక్కింది మ్యాచెస్ అనే పట్టికలో వచ్చి పడుతుంది. అక్కడ చిన్న తిరకాసు. పట్టికలో ఒకటో నంబరు మొత్తం దొరికిన లైనుది. మన మొదటి బ్రాకెట్ రెండో నంబరు. నేను ఒకటి రాసి, మంత్రం పేరు బదులు లైను మొత్తం తెచ్చుకుని తెల్లబోయాను. ఇంకోటి, దొరికిన 7 అంకె కాదు, అక్షరం. టునంబర్ అనే ఫంక్షన్‌తో అంకెగా మార్చకుండా సున్నా కంటే ఎక్కువా అని పోల్చితే లువా ఎర్ర అక్షరాలతో తిడుతుంది. ఆ తిట్లు ఎడిటర్‌లోనే ఎర్రర్స్ అనే చోట కనిపిస్తాయి, ఏ లైనులో తప్పో కూడా చెబుతుంది. చాలామందికి ఆ బటన్ ఉందనే తెలియదు.

ఇంత చేశాక కూడా, మంత్రాల పేర్లూ మిగిలిన టిక్కులూ రాసి పెట్టుకునే నా సొంత పట్టికలో శాంక్చురీ రెండుసార్లు కనిపించేది. ఒకటి తగ్గుతుంది, ఇంకోటి కదలదు. మూడు రాత్రులు దీంతోనే గడిచాయి. చివరికి మా తమ్ముడి కొడుకు, బీటెక్ మూడో సంవత్సరం, ఆదివారం భోజనానికి వచ్చి చూశాడు.

"అత్తా, ఒకసారి పట్టిక మొత్తం బయటికి తీసి చూపించు."

డిస్‌ప్లే ఫంక్షన్‌తో తీశాను. అది పేర్లకి రెండువైపులా కోట్స్ పెట్టి చూపిస్తుంది. అప్పుడు కనబడింది. ఒక శాంక్చురీ వెనక ఆరు ఖాళీలు తోకలా వేలాడుతున్నాయి. జాబితా నిలువుగా సమానంగా కనపడటానికి ఆట ప్రతి పేరునీ 15 అక్షరాల వెడల్పుకి ఖాళీలతో నింపుతుంది. శాంక్చురీ ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు. మిగతా ఆరూ ఖాళీలు. నా (.+) ఆబగా వాటిని కూడా మింగేసింది.

"దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టు అత్తా, ఆబ తగ్గుతుంది," అన్నాడు. (.+?) అని పెట్టి, దాని తర్వాత ఒక ఖాళీ, ఒక నక్షత్రం పెట్టాను. ఖాళీలన్నీ బ్రాకెట్ బయటే ఆగిపోయాయి. వాడికి ఆ రోజు గుత్తివంకాయ కూర రెండోసారి వడ్డించాను. "బొమ్మలే లేని ఆటకి ఇంత కష్టమా?" అని వెళ్తూ వెళ్తూ ఒక మాట అననే అన్నాడు.

బ్లెస్ లాంటి మంత్రాలు రెండిటిని మారుస్తాయి. వాటికి రెండో లైనులో పేరుండదు, ఖాళీయే. ఆ లైనుని పట్టించుకోకుండా వదిలేస్తే చాలు, గంటలు రెండిట్లోనూ ఒకటే.

రెండో పని టిక్కు పట్టుకోవడం. ఇదే నాకు బాగా నచ్చిన భాగం. రోమ్ "టిక్కు వచ్చింది" అని చెప్పదు. కానీ మంత్రం గడువు తీరి పోయేది టిక్కులోనే కదా. అంటే "వెలుగు ఆరింది", "కవచం పోయింది" లాంటి ప్రతి వాక్యమూ ఒక విజిలే. ఆరుబయట ఉంటే పొద్దు పొడిచింది, చీకటి పడింది అని వచ్చే లైన్లు కూడా టిక్కుతోనే వస్తాయి. వీటన్నిటినీ ఒకే ట్రిగ్గర్‌లో వరసగా పెట్టాను. ఒక ట్రిగ్గర్‌లో ఎన్నో ప్యాటర్న్‌లు పెట్టుకోవచ్చు, ఏది దొరికినా పేలుతుంది. పేలగానే నా 60 సెకన్ల గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మధ్యలో ఏ వాక్యమూ రాకపోతే ఆ గడియారమే సొంతంగా టిక్కులు లెక్కేసుకుంటూ పోతుంది. నెట్ కాస్త మొరాయించినా పర్వాలేదు, తర్వాతి విజిల్‌కి సర్దుకుంటుంది.

దీంట్లోనూ ఒక చిక్కుంది. శత్రువు డిస్పెల్ మ్యాజిక్ వేసి మన వెలుగుని ఊడబెరికినా ఆట అదే వాక్యం చెబుతుంది. అది టిక్కు కాదు! దాన్ని టిక్కు అనుకుంటే గడియారం మొత్తం పక్కకి జరిగిపోతుంది. కాబట్టి వెలుగు పోయినప్పుడు నా పట్టికలో దాని లెక్క సున్నాగా ఉంటేనే టిక్కుగా నమ్ముతాను. మూడో నాలుగో మిగిలి ఉండగా పోతే, ఎవడో ఊడబెరికాడన్నమాట. అప్పుడు గడియారాన్ని ముట్టుకోకుండా తెర మీద ఎర్రగా పెద్ద అక్షరాల్లో అరుస్తుంది. ఈ ఒక్క షరతు రాసుకున్నాక చావులు బాగా తగ్గాయి.

టెంప్‌టైమర్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. అది పుట్టినప్పుడు ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు దాచుకోవాలి. మంత్రం మళ్లీ వేసినప్పుడు పాత టైమర్‌ని కిల్‌టైమర్‌తో ఆపకపోతే అది దయ్యంలా వెనకే తిరుగుతూ ఎప్పుడో ఒకప్పుడు దొంగ అలారం కొడుతుంది. నేను మంత్రం పేరు పక్కనే ఆ నంబరు కూడా పట్టికలో రాసి పెడతాను.

శాంక్చురీకి ఇంత హంగామా ఎందుకంటారా? ఈ ఆటలో వెలుగు ఉండగా మళ్లీ వేసి పొడిగించుకోవడం కుదరదు. పోయాకే వేయాలి. 75 మానా (మంత్రాలకి ఖర్చయ్యే శక్తి), మూడు సెకన్ల ఆలస్యం, అప్పుడప్పుడు ఏకాగ్రత చెదిరి మంత్రం తప్పుతుంది కూడా. అందుకే పోయాక తెలిస్తే లాభం లేదు. పోయే ముందు టిక్కులోనే తెలిస్తే డ్రాగన్ గుహలోంచి రెండు గదులు వెనక్కి వచ్చి నిలబడవచ్చు.

చూపించడం విషయంలో మడ్‌లెట్‌కి పూర్తి మార్కులు. గీజర్ అనే సరంజామాతో తెర పక్కన పట్టీలు గీసుకోవచ్చు. గీజర్ అంటే స్నానాల గది గుర్తొస్తుంది, ఏం చేస్తాం. నావి నాలుగు పట్టీలు. వాటి మీద పేర్లు తెలుగులోనే రాసుకున్నాను: రక్ష, కవచం, దీవెన, రెక్కలు. మూడు టిక్కులకి పైన ఉంటే ఆకుపచ్చ, తర్వాత పసుపు, చివరి టిక్కుకి కుంకుమ రంగు. అంకెలు చదవక్కర్లేదు, కంటి చివర రంగు మారితే చాలు.

శబ్దం కూడా పెట్టవచ్చు. నేను మా ఇంటి కుక్కర్ విజిల్‌నే ఫోన్‌లో రికార్డు చేసి, రెండు సెకన్ల ముక్క కోసి, చివరి టిక్కుకి అది మోగేలా పెట్టాను. మొదటి రోజు రాత్రి పదకొండింటికి మోగింది. లోపలి గదిలోంచి మా అత్తయ్య, "అమ్మాయ్, ఈ వేళప్పుడు కుక్కర్ ఎవరు పెట్టారు? మాడిపోతుంది, దించు!" అన్నారు. మా ఆయన నిద్రలోనే లేచి వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చారు. ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నాను.

రాసిన ట్రిగ్గర్ పనిచేస్తుందో లేదో చూడటానికి ప్రతిసారీ మానా తగలేసుకోనక్కర్లేదు. బ్యాక్‌టిక్ గుర్తు (`) పెట్టి ఎకో అని కొట్టి, పక్కన వాక్యం రాస్తే, అది ఆట నుంచే వచ్చినట్టు మడ్‌లెట్ నమ్ముతుంది. గాసిప్ లైను రాసి చూడండి, ఇంకొకరి పేరుతో రాసి చూడండి. మోసపోకూడని చోట మోసపోతుందేమో ముందు అక్కడ తెలుసుకోవాలి. నేను ఇది మొదటి రోజే చేసి ఉంటే ఛానెల్‌లో నవ్వులపాలయ్యేదాన్ని కాదు.

ఇలాంటి మిగతా ప్రోగ్రాములతో పోలిక అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ముష్‌క్లయింట్ కూడా మంచిదే, లువా అందులోనూ ఉంది. కానీ అది విండోస్‌కి రాసింది. నల్ల తెర అలవాటున్నవాళ్లకి టిన్‌టిన్ చాలా తేలిక, ఫోన్‌లో టెర్మక్స్ అనే యాప్ పెట్టుకుని కూడా నడుపుకోవచ్చు. ఇలాంటి చిన్న ట్రిగ్గర్ అయితే అందులో ఒక్క లైను చాలు. కానీ పట్టీలు, రంగులు కావాలంటే నాకు మడ్‌లెటే సుఖం. ఇంకో మాట, ఆర్డ్‌వుల్ఫ్ లాంటి పెద్ద ఆటల్లో మంత్రం ఎక్కింది, దిగింది అని సర్వరే ప్రత్యేకమైన గుర్తులతో చెప్పే ఏర్పాటుంది. అకేయాలో అయితే జీఎంసీపీ అనే దారిలో మన మీదున్న రక్షణల జాబితా తెర వెనకే మడ్‌లెట్‌కి చేరిపోతుంది. మీరాడేది అలాంటి ఆటైతే పైన నేను పడిన కష్టంలో ముప్పాతిక భాగం మీకు అక్కర్లేదు. ముందు మీ ఆట హెల్ప్ ఫైళ్లు చదవండి, ఆ తర్వాతే రీజెక్స్ పట్టండి.

హెల్ప్ ఫైళ్లలోనే ఇంకోటి చూసుకోవాలి. అలారం మోగించడం ఒకటి, మంత్రం దానంతట అదే వేయించడం ఇంకొకటి. మనిషి కీబోర్డు ముందు లేకుండా ట్రిగ్గర్లే ఆడుతుంటే చాలా ఆటల్లో ఒప్పుకోరు. నేను ఒకసారి, ఏకాగ్రత చెదిరితే మళ్లీ వేసేలా ట్రిగ్గర్ రాసి కాఫీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మానా మొత్తం ఊడ్చుకుపోయి ఉంది. అప్పటి నుంచి వేయడం నా చేతే, గుర్తుచేయడం దాని పని.

నచ్చనివి. ఫోన్‌లో లేదు. ఎడిటర్ కిటికీ మొదటి వారం భయపెడుతుంది, అది నిజం. వికీలో ఫంక్షన్ల వివరాలు బాగానే రాశారు గానీ అన్నీ ఇంగ్లీషులోనే, అదీ ప్రోగ్రామింగ్ కాస్త వచ్చినవాళ్లని ఉద్దేశించి రాసినట్టుంటాయి. మా తమ్ముడి కొడుకు లేని ఇంట్లో ఆరు ఖాళీల తోక ఇంకో మూడు రాత్రులు దొరికేది కాదు. ఐదులో నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

నా దగ్గర మిగిలిపోయిన పని ఒకటుంది. వేసవిలో మా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా రూటర్ ఆరిపోతుంది. లాప్‌టాప్ నడుస్తూనే ఉంటుంది, కనెక్షన్ ఉండదు. నా బొమ్మ మాత్రం ఆటలో నిలబడే ఉంటుంది, టిక్కులు నడుస్తూనే ఉంటాయి. తిరిగి లోపలికి వెళ్లేసరికి నా పట్టికకీ నిజానికీ పొంతన ఉండదు. అందుకని "రీకనెక్టింగ్" అనే మాటతో మొదలయ్యే లైను కనబడగానే పట్టిక తుడిచేసి, అఫెక్ట్స్ కొట్టేలా నిన్న రాత్రి ఒక ట్రిగ్గర్ రాశాను. లైను మొదలు రకం పెట్టాను, రీజెక్స్ కాదు. ఎకోతో చూస్తే పనిచేసింది. అసలు పరీక్ష ఈసారి కరెంటు పోయినప్పుడు.